నెట్ మీద నడిచే చవక లాప్‌టాప్: మా సంఘం అనుభవం

(సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల సమావేశంలో ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సంఘం పాలకవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశంలో మేము క్రోమ్‌బుక్ అనే చిన్న లాప్‌టాప్ కొన్నామని చెప్పగానే చాలామంది ధర ఎంత అని అడిగారు. చెప్పాము. అది ఎలా పనిచేస్తున్నదని అడిగినవారు మాత్రం ఇద్దరు ముగ్గురే. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈరోజు మీ ముందు నిలబడ్డాము. మేము ఎవరి తరఫునా అమ్మేవాళ్లము కాము. దానితో సుఖపడ్డాము, ఒక పక్షం బిల్లు దగ్గర తల ఎత్తుకోలేని స్థితికీ వచ్చాము. రెండూ దాచకుండా మనవి చేస్తాము.

ముందు మా సంగతి. మా సంఘం ఆఫీసు అంటే పాల కేంద్రం వెనక గది. ఒక బీరువా, ఒక బల్ల, గోడకు గాలికుంటు టీకాల తేదీలు రాసిన బోర్డు. బల్ల మీద ఒక పాత కంప్యూటరు ఉండేది. దాని యు.పి.ఎస్. బ్యాటరీ చచ్చి చాలాకాలమైంది. కరెంటు పోతే రాస్తున్న లెక్క సగంలో ఆరిపోయేది. పెన్‌డ్రైవుల వెంట వైరసులు వచ్చేవి. వచ్చినప్పుడల్లా మెకానిక్కును పిలవడం, అతను అంతా చెరిపి మళ్లీ ఎక్కించడం, ఐదారు వందలు ఇవ్వడం మామూలైంది. ఒకసారి అలా చెరిపినప్పుడు సభ్యుల జాబితా కూడా పోయింది. కొత్తది కొందామంటే మంచిది నలభై వేలకు తక్కువ రాదన్నారు. అంత పెట్టే స్థోమత సంఘానికి లేదు. అప్పుడు మా పాలకవర్గంలోని ఒక సభ్యుని కూతురు, డిగ్రీ చదువుతున్న అమ్మాయి, క్రోమ్‌బుక్ సంగతి చెప్పింది. ఇరవై వేలలోపు దొరికింది. తీర్మానం రాసుకుని కొన్నాము.

ఇది నిన్న మొన్న పుట్టిన వస్తువు కాదు. దీన్ని నడిపే క్రోమ్ ఓఎస్ సంగతి గూగుల్ కంపెనీ 2009లో ప్రకటించింది. శామ్‌సంగ్, ఏసర్ కంపెనీలు చేసిన మొదటి క్రోమ్‌బుక్‌లు 2011 జూన్‌లో అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. అక్కడి బడుల్లో పిల్లలకు ఇవి విరివిగా ఇచ్చారు. మన దేశంలో 2013 నుంచి దొరుకుతున్నాయి. 2023 అక్టోబరులో చెన్నై దగ్గర కూడా వీటి తయారీ మొదలైంది.

ఇది చవకగా ఎందుకు వస్తున్నదో తెలిస్తే దీని గుణమూ దోషమూ రెండూ తెలుస్తాయి. మనం పాలు పిండి ఇంట్లో దాచుకోము గదా. కేంద్రంలో పోసి చీటీ తెచ్చుకుంటాము. పాలు కూలర్లో భద్రంగా ఉంటాయి, చీటీ మన చేతిలో ఉంటుంది. ఈ లాప్‌టాప్ కూడా అంతే. మనం రాసిన లెక్క ఎక్కడో దూరాన గూగుల్ వారి కంప్యూటర్లలో ఉంటుంది. మన దగ్గరిది చీటీవంటిది. లోపల దాచుకునే చోటు తక్కువ చాలు గనుక, పెద్ద యంత్రభాగాలు అక్కరలేదు గనుక ధర తక్కువ. యంత్రం పాడైనా లెక్క పోదు. ఇంకొక యంత్రం తెచ్చి అదే ఖాతాతో తెరిస్తే అంతా కనబడుతుంది. అయితే కేంద్రానికి దారి మూసుకుపోతే చీటీ ఒక్కటీ పట్టుకుని ఏం చేయగలము? ఆ దారి పేరు ఇంటర్నెట్టు.

సుఖం ముందు చెబుతాము. మూత తెరిచిన కొద్ది సెకన్లలో పనికి సిద్ధం. కరెంటు పోయినా మాది ఏడెనిమిది గంటలు నడుస్తుంది. వైరసు మెకానిక్కును ఇంతవరకు పిలవలేదు. విండోస్ ప్రోగ్రాములు తెచ్చి ఎక్కించే పద్ధతి దీనిలో లేదు. పైగా ఆన్ చేసిన ప్రతిసారీ తన లోపలి ప్రోగ్రాము మారిపోయిందా అని తానే సరిచూసుకుంటుంది. తెలుగు టైపు చేయడానికి కీబోర్డు దానిలోనే ఉన్నది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒకసారి పెట్టుకుంటే చాలు. తీర్మానాలు, ఉత్తరాలు, సర్వసభ్య సమావేశం నోటీసులు ఇప్పుడు మేమే తెలుగులో కొడుతున్నాము. ఒక చిక్కు మాత్రం చెప్పాలి. వెనుక డీటీపీ సెంటర్లో చేయించిన మా పాత నోటీసులు దీనిలో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. అవి పాత పద్ధతి ఫాంట్లలో కొట్టినవి, ఆ ఫాంట్లు ఇందులో లేవు. మా బైలా కాపీ కూడా అందులోనే ఉండటంతో మళ్లీ మొదటినుంచీ కొట్టుకున్నాము. పదకొండు రోజులు పట్టింది. బైలాను పూర్తిగా చదవడం మా పాలకవర్గంలో చాలామందికి అదే మొదటిసారి, ఆ సంగతి వేరు.

నెట్ లేకపోతే ఇది పనికిరాని డబ్బా అని మొదట్లో మా ఊళ్లో వెక్కిరించారు. అది సగమే నిజం. లెక్కల కాగితం, అంటే గూగుల్ షీట్స్, నెట్ లేకుండా కూడా రాయవచ్చు. కాని ఆ ఏర్పాటు నెట్ ఉన్నప్పుడే చేసి పెట్టుకోవాలి. సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్ అన్నది ఆన్ చేసి, కావలసిన కాగితాలను ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉండేట్టు గుర్తు పెట్టుకోవాలి. అలా చేస్తే నెట్ పోయినప్పుడు రాసినది యంత్రంలోనే ఆగి, నెట్ రాగానే తనంతట తాను పైకి వెళుతుంది. వానాకాలంలో కేబుల్ తెగి నాలుగు రోజులు నెట్ లేనప్పుడు మేము ఇలాగే గడిపాము. ఒక జాగ్రత్త. నెట్ లేని సమయంలో ఇద్దరు రెండు యంత్రాల మీద ఒకే గడిలో రెండు అంకెలు రాస్తే ఒకరిది పోతుంది. అందుకని బిల్లు కాగితం మీద ఒక్కరే రాయాలని మేము నియమం పెట్టుకున్నాము.

కరెంటు పోతే లాప్‌టాప్ నడుస్తుంది గాని గోడకున్న నెట్ డబ్బా ఆరిపోతుంది. అప్పుడు సెల్‌ఫోను నుంచి నెట్ తీసుకుంటాము. ఫోనులో చూసినట్టే గదా అనుకుని మొదటి నెలలో టెస్టరు ఫోనులోని రోజువారీ డేటా పొద్దున పదింటికే అవగొట్టాము. లాప్‌టాప్ తన అప్‌డేట్లను కూడా ఆ డేటా మీదనే దించుకుంటుంది. ఆ కనెక్షను డేటా లెక్క ఉన్నదని, అంటే మీటర్డ్ అని, సెట్టింగ్స్‌లో గుర్తు పెడితే వాడకం తగ్గుతుంది. డేటా రీచార్జి ఖర్చు టెస్టరు జేబు నుంచి కాక సంఘం ఖర్చుల్లో రాయాలి. ఈ సంగతి మాకు ఆలస్యంగా తట్టింది, అతను నోరు తెరిచి అడగలేదు.

ఇక ఇది చేయని పనులు. విండోస్ కోసం చేసిన ప్రోగ్రాములు దీనిలో ఎక్కవు. మా పాల పరీక్ష యంత్రం నుంచి వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. అంకెలు తీసుకునే ప్రోగ్రాము విండోస్ మీదే నడుస్తుంది. అందుకని ఆ పాత కంప్యూటరును పారేయక, కొత్త బ్యాటరీ వేసి, ఆ ఒక్క పనికి ఉంచాము. మీ సంఘం బిల్లు మొత్తం అటువంటి ప్రోగ్రాములోనే తయారవుతుంటే క్రోమ్‌బుక్ కొని మీరు చేసేదేమీ లేదు. ఆ డబ్బుతో ఉన్న కంప్యూటరునే బాగు చేయించుకోండి. ప్రింటరు సంగతి కూడా కొనకముందే చూసుకోవాలి. మా పాత ప్రింటరు దీనికి కలవలేదు. చాలాకాలం కాగితాలను పి.డి.ఎఫ్. చేసి జిరాక్సు షాపులో అచ్చు వేయించుకున్నాము.

ఇప్పుడు ఆ పక్షం బిల్లు సంగతి.

మేము ఈ లాప్‌టాప్‌లో పెట్టుకున్న ముఖ్యమైన లెక్క పాలది కాదు, కోతలది. ఎవరు ఎన్ని దాణా బస్తాలు తీసుకున్నారు, ఖనిజ మిశ్రమం ఎన్ని పాకెట్లు, సూది చేయించినందుకు ఎంత, గేదె ఇన్సూరెన్సులో సభ్యుని వాటా ఎంత, అన్నీ ఒకే షీటులో. పక్షం చివర పాల సొమ్ములోంచి అవి తీసివేసి నికరం ఎంతో చూపుతుంది. ఇంత చక్కగా వస్తుంటే మళ్లీ పుస్తకంలో రాయడం దేనికని దాణా రిజిస్టరు మానేశాము. మానేయాలని ఎవరూ తీర్మానం చేయలేదు. రాసే పుస్తకం అయిపోయింది, కొత్త పుస్తకం కొనలేదు, అంతే.

ఇదంతా ఏర్పాటు చేసినవాడు మా పాత కార్యదర్శి. పనిమంతుడు. సంఘం పేర గూగుల్ ఖాతా తెరిచినప్పుడు ఫోను నంబరు అడిగితే తన నంబరే ఇచ్చాడు. అప్పుడు అది తప్పని మాకెవరికీ తోచలేదు. తరువాత అతను కువైట్ వెళ్లాడు. పోయేముందు తాళాలు, నగదు, పుస్తకాలు, ముద్ర, చెక్కుబుక్కు అన్నీ జాబితా రాసి సంతకం పెట్టి అప్పగించాడు. పాస్‌వర్డ్ ఆ జాబితాలో లేదు. అడగాలని మాకూ తెలియదు. ఎందుకంటే రోజూ ఆరు అంకెల పిన్ కొట్టి తెరుస్తున్నాము, అది టెస్టరుకు వచ్చు.

అది డిసెంబరు రెండో పక్షం బిల్లు. సంక్రాంతి ముందు వచ్చే బిల్లు అంటే ఈ సభలో విడమరిచి చెప్పనక్కరలేదు. కొత్త బట్టలు, ఇంటికి వచ్చే అల్లుళ్లు, అన్నీ దాని మీదే. ఆ సాయంత్రం పాలు పోసేచోట రద్దీగా ఉండగా, వెనక గదిలో పిల్లవాడొకడు ఆడుకుంటూ పిన్ తప్పుతప్పుగా పదేపదే కొట్టాడు. యంత్రం ఇక పిన్ ఒప్పుకోనన్నది. పాస్‌వర్డ్ ఇమ్మన్నది. ఎవరికీ తెలియదు. మరిచిపోయామని నొక్కితే, ఫోనుకు కోడ్ పంపుతామని పాత కార్యదర్శి నంబరు చివరి అంకెలు చూపించింది. ఆ నంబరుకు చేస్తే వాడుకలో లేదని వచ్చింది.

రాత్రి పాలకవర్గం కూర్చున్నది. పాల అంకెలకు లోటు లేదు. పరీక్ష యంత్రంలో ఉన్నాయి, చీటీలున్నాయి. కోతల కాగితం ఒక్క ముక్క లేదు. షీటు తెరుచుకునేదాకా బిల్లు ఆపుదామని ఇద్దరన్నారు. ఆపితే ఎన్నాళ్లు? సభ్యులు పాలు పోశారు, వారి సొమ్ము ఆపే హక్కు మనకు లేదని అధ్యక్షుడన్నాడు. కోతలు లేకుండా ఇస్తే దాణా సొమ్ము ఎవరు కట్టాలని కోశాధికారి అడిగాడు. అదీ న్యాయమైన ప్రశ్నే. పదిన్నర దాకా వాదించుకున్నాము. ఒకరి మీద ఒకరం కేకలు వేసుకున్నాము కూడా. చివరకు పాల సొమ్ము పూర్తిగా ఇచ్చేయాలని, దాణా బాకీ సంఘం నిధిలోంచి అప్పటికి కట్టాలని, కోతలు వచ్చే పక్షంలో వేయాలని రాసుకున్నాము.

మర్నాడు పొద్దున పాలు పోసే వేళకు సభ్యులకు ఉన్న సంగతి చెప్పాము. ఎవరు ఎన్ని బస్తాలు తీసుకున్నారో వారే చెప్పి రాయించుకోవాలని కోరాము. ఆ మాట అడగడానికి సిగ్గుపడ్డాము. రోజూ వారి పాలలో నీళ్లున్నాయేమోనని పరీక్ష చేసేవాళ్లము మేము. ఆనాడు మా లెక్క మా దగ్గర లేక వారి నోటిమాట మీద నిలబడ్డాము. ఒక పెద్దమ్మ, రెండు గేదెలున్న మనిషి, క్యాను దించి, "మూడు బస్తాలు బాబూ, రాసుకో. మూడోది మొన్న ఆదివారం మీ టెస్టరు వాళ్లావిడ చేత తెప్పించుకున్నాను, అది మీకు తెలియదు" అన్నది. చాలామంది అలాగే చెప్పారు. నలుగురైదుగురు తల గోక్కున్నారు. ఒకాయన తాను ఏమీ తీసుకోలేదన్నాడు. సైకిలు మీద బస్తా వేసుకుని పోతుంటే మాలో ఇద్దరు చూశారు. అయినా వాదించలేదు. వాదించడానికి చేతిలో ఏమున్నది?

పాత కార్యదర్శి తమ్ముడిని పట్టుకుంటే, అతని ద్వారా అయిదో రోజు రాత్రి కువైట్ నుంచి ఫోను వచ్చింది. పాస్‌వర్డ్ అతని ఇంటి గేదె పేరు, దాని వెనక అది ఈనిన సంవత్సరం. గేదె పేరు ఊరంతటికీ తెలుసు. మాకెవరికీ తట్టలేదు. కొట్టగానే తెరుచుకున్నది, షీటు చెక్కుచెదరలేదు. సభ్యులు చెప్పినదానితో సరిచూశాము. చాలావరకు సరిపోయింది. కొందరికి ఒక బస్తా తేడా వచ్చింది, చూపిస్తే ఒప్పుకున్నారు. పెద్దమ్మ పేర మాత్రం షీటులో రెండే ఉన్నాయి. ఆమె చెప్పిన మూడో బస్తా యంత్రానికి తెలియదు. ఏమీ లేదన్నాయన పేర రెండున్నాయి. వచ్చే పక్షంలో కోశాము. ఆయన ఇప్పటికీ మాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు.

ఇందులో యంత్రం తప్పు, గూగుల్ తప్పు ఏమీ లేదు. తప్పంతా మాదే. ఆ తరువాత మేము చేసుకున్న ఏర్పాట్లు చెబుతాము, మీకు పనికివచ్చినంత తీసుకోండి.

సంఘం పేర ఒక సిమ్ కొన్నాము. ఖాతా ఆ నంబరుకు మార్చాము. సిమ్‌ను పాత చిన్న ఫోనులో వేసి బీరువాలో ఉంచాము. దాని రీచార్జి తేదీ టీకాల బోర్డు మీదనే రాశాము. రీచార్జి లేకుండా వదిలేస్తే నంబరు చేజారి, మళ్లీ మొదటి కథే అవుతుంది. ఖాతాకు రెండంచెల తనిఖీ పెట్టి, గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లు అచ్చు వేయించాము. ఒక్కొక్కటి ఒక్కసారే పనికివస్తుంది. ఫోను చేతిలో లేనప్పుడు అవి ఆదుకుంటాయి. ఆ కాగితం, పాస్‌వర్డ్ రాసిన కాగితం కవరులో పెట్టి, అంటించి, అధ్యక్షుడు, కోశాధికారి అడ్డంగా సంతకాలు చేసి బీరువాలో దాచారు. కార్యదర్శి మారినప్పుడు కవరు విప్పి, పాస్‌వర్డ్ మార్చి, కొత్త కవరు పెట్టాలి. చార్జి అప్పగింత జాబితాలో ఇప్పుడు అది కూడా ఒక పద్దు. బిల్లు షీటును అధ్యక్షుని సొంత ఖాతాకు కూడా చూడటానికి అనుమతి ఇచ్చాము. ఒక తలుపు మూసుకుంటే ఇంకొక తలుపు ఉంటుంది.

దాణా రిజిస్టరు కొత్తది కొన్నాము. బస్తా గది దాటకముందే కలంతో రాయడం, సభ్యుని సంతకం లేదా వేలిముద్ర తీసుకోవడం, ఆ రాత్రి దానిని చూసి షీటులో ఎక్కించడం. రెండు పనులవుతున్నవని టెస్టరు గొణుగుతున్నాడు. గొణగనీయండి అన్నాము.

కొనదలచిన వారికి ఒక సంగతి ఉన్నది, ఇది దుకాణంలో చాలామంది చెప్పరు. టీకా మందు సీసా మీద గడువు తేదీ చూడకుండా మనం పశువుకు వేయించము గదా. క్రోమ్‌బుక్‌కూ గడువు ఉన్నది. ఆ తేదీ దాటితే యంత్రం నడుస్తుంది గాని కంపెనీ నుంచి భద్రతా అప్‌డేట్లు రావు. సంఘం సొమ్ము లెక్కలు, బ్యాంకు పనులు అటువంటి యంత్రం మీద చేయరాదు. 2021 నుంచి వచ్చిన యంత్రాలకు పదేళ్ల పాటు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. మెలిక ఏమంటే, ఆ పదేళ్లు మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ రకం యంత్రం మొదట మార్కెట్లోకి దిగినప్పటి నుంచి లెక్క. అయిదేళ్లు గోదాములో పడివున్న రకాన్ని ఈరోజు కొత్త డబ్బాలో కొంటే మీకు మిగిలేది అయిదేళ్లే. సగం ధరకు వస్తున్నదని పాతవి కొంటే గడువు ఎప్పుడో తీరిపోయి ఉండవచ్చు. మోడలు పేరు తీసుకుని గూగుల్ వారి జాబితాలో ముందే చూసుకోండి. యంత్రం చేతికి వచ్చాక అయితే సెట్టింగ్స్‌లో అబౌట్ క్రోమ్ ఓఎస్ అన్నచోట అప్‌డేట్ల గడువు కనబడుతుంది. డబ్బు కట్టకముందే తెరిపించి చూడండి.

చిన్న చిన్నవి ఇంకొన్ని. ఇంటర్నెట్టు నుంచి దించుకున్న కాగితాలు డౌన్‌లోడ్స్ అన్నచోట యంత్రంలోనే ఉంటాయి, పైకి వెళ్లవు. యంత్రాన్ని కడిగివేసే పవర్‌వాష్ అనే పని చేస్తే అవి పోతాయి. ముఖ్యమైనవి డ్రైవ్‌లోకి మార్చుకోవాలి. ఖాతాకు ఉచితంగా వచ్చే చోటు 15 జీబీ. మెయిల్, ఫోటోలు అన్నీ అందులోనే. మా కుర్రవాళ్లు పశువుల పందెం వీడియోలు ఎక్కించి సగం నింపారు, తీయించాము. సాయంత్రం చదువుకునే పిల్లలకు ఇవ్వదలిస్తే గెస్ట్ పద్ధతిలో తెరిచి ఇవ్వండి. వారు మూసేయగానే వారు చూసినవి చెరిగిపోతాయి, మన లెక్కలు వారికి కనబడవు. వెన్న పరీక్షకు యాసిడ్ వాడే సంఘాలవారు ఆ బల్ల దగ్గరికి దీనిని రానీయకండి. తడి చేతులతో ముట్టుకోకండి. కీల మధ్య పాలు పడితే నీళ్లకంటే చేటు, ఎండిన తరువాత కీలు అంటుకుపోతాయి. మా దానిలో ఒక అక్షరం ఇప్పటికీ గట్టిగా నొక్కితేగాని పడదు.

చూడదలచిన సంఘాలవారు మా ఊరు రావచ్చు. ఉదయం పాల వ్యాను వెళ్లిన తరువాత, తొమ్మిది నుంచి పన్నెండు మధ్య ఎప్పుడైనా సరే. 1వ తేదీ, 16వ తేదీ మాత్రం వద్దు. ఆ రెండు రోజులు బిల్లు పనిలో ఉంటాము.